చీకటి గోడమీద ఓడవాళ్ల పేర్లు: సొకోత్రా దీవిలోని హోక్ గుహ

శాసనం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రాజు. ఫలానా ఏడు ఫలానా తిథినాడు ఫలానా దేవుడికి ఇంత భూమి ఇచ్చాం, దీన్ని చెరిపినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడు అని ముగిసే రాత. ఆ మాటలోనే ఆజ్ఞ ఉంది. కానీ అరేబియా సముద్రంలో సొకోత్రా అనే దీవిమీద ఒక పెద్ద గుహ ఉంది. దాని లోపల రెండు వందలకు పైగా రాతలున్నాయి. భూదానాలు, శాపాలు, రాజుల పొగడ్తలు వెతికితే వాటిలో దొరకవు. చాలావాటిలో ఉన్నది ఒక మనిషి పేరు. కొన్నిటిలో పక్కన తండ్రి పేరు, ఇంకొన్నిటిలో సొంత ఊరు. అంతకుమించి ఏమీ లేదు. ఈ రాతల్లో అత్యధికం బ్రాహ్మీ లిపిలో, అంటే మన తెలుగు అక్షరాలకు కూడా ముత్తాత అయిన లిపిలో ఉన్నాయి.

మన దేశానికి రెండు వేల కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్య, వెలుతురు చొరని గుహలో ఇన్ని బ్రాహ్మీ రాతలు ఎలా వచ్చాయి? రాసినవాళ్లు ఎవరు, అంత దూరం వెళ్లి అంత లోపలికి ఎందుకు దూరారు? ఈ ప్రశ్నలు పట్టుకుని వెళ్తే ఓడలు, గాలులు, తాబేటి చిప్పలు, ఎర్ర బంక అన్నీ కలిసి ఒక లోకం బయటపడుతుంది.

సొకోత్రా యెమెన్ దేశానికి చెందిన దీవి. అరేబియా తీరానికి సుమారు 350 కిలోమీటర్లు దక్షిణంగా, ఆఫ్రికా కొమ్ముకు సుమారు 240 కిలోమీటర్లు తూర్పుగా ఉంటుంది. గొడుగు తిరగేసినట్టుండే వింత చెట్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో చూసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ చెట్లది ఈ దీవే. బెరడు మీద గంటు పెడితే నెత్తురులాంటి ఎర్ర బంక కారుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలు, జంతువులు ఇక్కడ వందల్లో ఉన్నాయి కాబట్టి 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పేరు తెచ్చింది ప్రకృతే. అక్షరాల సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ తక్కువ.

హోక్ గుహ దీవి ఈశాన్యం వైపు, సముద్రానికి ఎదురుగా నిలబడ్డ సున్నపురాతి కొండలో ఉంది. ద్వారం దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంటుంది. తీరం నుంచి రాళ్ల దారిలో గంటన్నర, రెండు గంటలు ఎక్కాలి. లోపలికి అడుగు పెడితే ఎండ, గాలి ఒక్కసారిగా వెనకబడిపోతాయి. గుహ రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. పైనుంచి వేలాడే సున్నపు ఊడలు, కిందనుంచి స్తంభాల్లా లేచిన దిమ్మలు, మధ్యమధ్య బొట్టుబొట్టుగా నిండిన నీటి మడుగులు. కొంతదూరం పోయాక ద్వారం నుంచి వచ్చే వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. రాతలు ఎక్కువగా కనిపించేది ఆ చీకటి దాటిన తర్వాతే. గోడలమీద, దిమ్మలమీద, నేలమీద కూడా. కొన్ని మట్టితో పూసినవి, కొన్ని బొగ్గుతో రాసినవి, కొన్ని పదునైన వస్తువుతో గీసినవి. శిల్పి ఉలితో తీరిగ్గా చెక్కిన అక్షరాలు కావు. ఒక చేత్తో దివిటీ పట్టుకుని ఇంకో చేత్తో రాసుకున్నవి అనుకుంటే సరిపోతుంది.

బయటి లోకానికి ఈ రాతల సంగతి తెలిసింది 2001 ప్రాంతంలో. పీటర్ డె గేస్ట్ నాయకత్వంలో బెల్జియం గుహాన్వేషకుల బృందం దీవిలోని గుహలను కొలుస్తూ, పటాలు గీస్తూ హోక్ చివరిదాకా వెళ్లింది. గుహను వాళ్లు కనిపెట్టారనడం మాత్రం సరికాదు. కొండకింద ఊళ్లవాళ్లకు గుహ తరతరాలుగా తెలుసు. లోపలి రాతలు ఏ భాషవో, ఎంత పాతవో చెప్పగలిగిన పండితుల దాకా విషయం చేరడమే అప్పుడు కొత్తగా జరిగింది. తర్వాత పదేళ్లకు పైగా పని సాగింది. దక్షిణ అరేబియా రాతలను ఫ్రెంచ్ పండితుడు క్రిస్టియన్ రొబాన్, భారతీయ రాతలను జర్మన్ పండితుడు ఇంగో స్ట్రౌఖ్ చదివారు. మొత్తం రాతలు, బొమ్మలు 2012లో స్ట్రౌఖ్ సంపాదకత్వంలో ఒకచోట అచ్చయ్యాయి.

వాస్తవ్యుడు

ఆ రాతల్లో ఒకటి దగ్గరగా చూడాలి. దాని సారాంశం ఇది: సంఘదాసు, జయసేనుని కొడుకు, హస్తకవప్రం వాస్తవ్యుడు.

వాస్తవ్యుడు అన్న మాట అనువాదంలో వేసింది కాదు, రాతలో ఉన్నదే. ఇప్పటికీ మన పెళ్లి శుభలేఖల్లో 'ఏలూరు వాస్తవ్యులు శ్రీ ఫలానా వారి కుమారుడు' అని వేస్తాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజుల్లో కూడా పేరు, తండ్రి పేరు, ఊరు అదే వరసలో వస్తాయి. ఇంచుమించు పదిహేడు వందల ఏళ్ల కిందట చీకటి గుహలో ఒక ఓడమనిషి తనను తాను చెప్పుకోవడానికి సరిగ్గా ఇవే మూడు సంగతులు ఎంచుకున్నాడు. పేరు, తండ్రి, ఊరు. మనిషి ఎవరో తేల్చడానికి ఈ నేల ఎప్పుడో కుదుర్చుకున్న పద్ధతి అది. ఇంతకాలం మారకపోవడం చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

హస్తకవప్రం ఎక్కడ? గుజరాత్‌లో భావనగర్ జిల్లా, సముద్రం ఒడ్డున హాథబ్ అనే చిన్న ఊరు. అక్కడి తవ్వకాల్లో పాతకాలపు కోట ఆనవాళ్లు బయటపడ్డాయి. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఈజిప్టు వైపు నుంచి వచ్చిన ఒక గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే ఓడదారుల పుస్తకంలో అస్తకప్ర అనే పేరుతో ఇదే ఊరు ఉంది. గుహ రాతల్లో కనిపించే ఇంకో ఊరు భరుకచ్ఛం, అంటే ఇవాళ్టి భరూచ్. నర్మద సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు. గ్రీకులు దాన్ని బరుగజ అన్నారు. ఆకాలంలో పశ్చిమ తీరంలో దానికి మించిన రేవు లేదు.

ఇక్కడి భాష శుద్ధమైన సంస్కృతం కాదు. సంస్కృతం, ప్రాకృతం కలగలిసి ఉంటాయి. విభక్తులు ఒకచోట సరిగ్గా ఉంటాయి, ఇంకోచోట జారిపోతాయి. పండితుల భాషను చెవిన వేసుకుని, తమకు వచ్చినట్టు రాసిన మామూలు మనుషుల భాష అది. గుజరాత్ ప్రాంతాన్ని అప్పుడు ఏలిన పశ్చిమ క్షత్రపులు శాసనాలకు సంస్కృతం వాడటం మొదలుపెట్టారు. క్రీ.శ. 150 ప్రాంతపు రుద్రదాముని జునాగఢ్ శాసనం దానికి పెద్ద ఉదాహరణ. అదేకాలంలో మన శాతవాహనులు ప్రాకృతాన్నే పట్టుకుని ఉన్నారు. గుహలో ఓడవాళ్ల చేతికి సంస్కృతం అలవాటైందంటే ఆ క్షత్రపుల రాజ్యపు గాలి వాళ్లకు సోకిందన్నమాట.

కాలం ఎలా తేల్చారన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ బ్రాహ్మీ రాతల్లో సంవత్సరం వేసుకోలేదు. అక్షరాల ఆకారమే ఆధారం. క్షత్రపుల వెండి నాణేలమీద శక సంవత్సరాలు ఉంటాయి కాబట్టి ఆ ప్రాంతంలో ఏ అక్షరం ఏ కాలంలో ఏ వంపు తిరిగిందో చాలావరకు తెలుసు. ఆ నాణేల అక్షరాలనూ, రాతి శాసనాల అక్షరాలనూ గుహలోని అక్షరాల పక్కన పెట్టి చూస్తే, భారతీయ రాతల్లో ఎక్కువ భాగం క్రీ.శ. రెండో శతాబ్దం నుంచి ఐదో శతాబ్దం మొదటి భాగం దాకా పడతాయి. పద్ధతి ఇరవై ముప్పై ఏళ్ల లెక్కలో తప్పవచ్చు, శతాబ్దాల లెక్కలో తప్పదు.

చెప్పింది ఎప్పుడూ ఇంకొకరే

హిందూ మహాసముద్రం మీద రెండు వేల ఏళ్ల కిందటి వ్యాపారం గురించి మనకు చాలా తెలుసు. కానీ ఆ తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఇంకొకరు చెప్పగా తెలిసిందే. ఓడదారులు గ్రీకువాడు రాశాడు. మిరియాలకు రోము బంగారం ఎంత పోతోందో రోమువాళ్లే లెక్కగట్టి వాపోయారు. రాజులు నాణేలమీద ఓడ బొమ్మలు వేయించుకున్నారు. బౌద్ధ గుహల గోడలకు వర్తకులు తమ దానాలు ఎక్కించుకున్నారు. ఓడ నడిపినవాడు, తెరచాప తాడు లాగినవాడు తన చేత్తో రాసుకున్నది మాత్రం ఎక్కడా పెద్దగా దొరకదు. హోక్ గుహ విలువంతా ఇక్కడుంది. గుహ రాతల్లో 'నావిక' అన్న మాట కనిపిస్తుంది. గోడమీద ఓడల బొమ్మలు కూడా గీశారు. ఓడను బయటినుంచి చూసిన చిత్రకారుడి చేతికీ, దానిమీద నెలల తరబడి బతికినవాడి చేతికీ తేడా ఉంటుంది. అందుకే ఈ బొమ్మలు కళగా మొరటువైనా, ఆనాటి ఓడల కట్టుబడి చదువుకునేవాళ్లకు బంగారం.

పెరిప్లస్ రాసిన వర్తకుడు ఈ దీవిని దియోస్కొరిద అన్నాడు. అతని మాటల్లో అది పెద్ద దీవే గానీ చాలాభాగం ఎడారి. మొసళ్లు, పాములు, పెద్ద బల్లులు ఉంటాయి, ఆ బల్లుల మాంసం తిని కొవ్వు కరిగించి నూనెలా వాడతారు. ద్రాక్ష పండదు, గింజలు పండవు. ఉన్న కొద్దిమందీ ఉత్తరపు ఒడ్డునే ఉంటారు. వాళ్లు అరబ్బులు, భారతీయులు, కొందరు గ్రీకులు, అందరూ వ్యాపారం కోసం వచ్చినవాళ్లే. ఇక్కడ దొరికేవి తాబేటి చిప్పలు, ఇంకా చెట్టునుంచి కారే 'ఇంగిలీకం'. గనిలో దొరికే అసలు ఇంగిలీకం, అంటే ఎర్ర రంగు ఖనిజం, వేరు. ఇది ఆ గొడుగు చెట్ల ఎర్ర బంక. దాన్ని ఆ గ్రీకువాడు 'భారతీయ' ఇంగిలీకం అన్నాడు. సరుకు సొకోత్రాది, పేరు మనది. అమ్మినవాళ్లు మనవాళ్లు కాబట్టే ఆ పేరు పడి ఉంటుందన్న అనుమానం సహజం.

తిండిగింజలు పండని చోటికి ఏం తీసుకెళ్లేవాళ్లు? బియ్యం, గోధుమలు, నూలు బట్టలు అని అదే పుస్తకం చెబుతుంది. ఆ వరసలోనే ఆడ బానిసలను కూడా చెబుతుంది. అక్కడ వాళ్లు కరువు కాబట్టి మంచి ధర పలుకుతారని. ఈ వాక్యం దాటేసి వెళ్లకూడదు. గుహలో పేరు రాసుకోగలిగినవాళ్ల వెనక, సరుకుల జాబితాలో బియ్యం పక్కన ఎక్కిన ఆ స్త్రీలు కూడా అదే సముద్రం దాటారు. వాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరు ఎవరూ అడగలేదు.

సొకోత్రా సరుకు ఒకటి మన పల్లెల దాకా కూడా వచ్చింది. మూలికల కొట్లో దొరికే ముసాంబరం, అదే కలబంద రసం ఎండబెట్టిన నల్లటి గడ్డ. చంటిపిల్లకు పాలు మాన్పించేటప్పుడు తల్లులు రాసుకునేంత చేదు. మధ్యయుగాల నుంచీ సొకోత్రా ముసాంబరానికి లోకమంతా మేలురకమని పేరు. కొట్లో ఇప్పుడు అమ్మేదంతా అక్కడిది కాకపోవచ్చు. అయినా అరబ్బీ నుంచి వచ్చిన ఆ పేరు మాత్రం సముద్రం దాటి వచ్చి మన నాలుకమీద స్థిరపడింది.

గాలి కోసం ఎదురుచూపు

రాతలకు అసలు కారణం గాలి. అప్పటి ఓడ తనకు ఇష్టమైనప్పుడు బయల్దేరలేదు. కార్తీకం తర్వాత ఈశాన్యం నుంచి గాలి నిలకడగా వీస్తుంది. గుజరాత్ ఓడ దాన్ని పట్టుకుని అరేబియా వైపు, ఆఫ్రికా వైపు సాగిపోతుంది. తిరిగి రావాలంటే గాలి దిక్కు మారాలి. వేసవి మొదట్లో నైరుతి గాలి మెల్లగా మొదలవుతుంది. జూన్ వచ్చేసరికి అదే గాలి భీకరమవుతుంది. సొకోత్రా చుట్టూ జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ఎంత రెచ్చిపోతుందంటే, మొన్నమొన్నటి దాకా ఆ నెలల్లో దీవికి బయటి లోకంతో సంబంధమే తెగిపోయేది. కాబట్టి తిరుగు ప్రయాణానికి దొరికేది రెండే సందులు: గాలి ముదరకముందు ఏప్రిల్–మే, తగ్గుముఖం పట్టాక ఆగస్టు చివర, సెప్టెంబరు. మొదటి సందు తప్పితే నెలలకు నెలలు దీవిమీదే.

ఆ నెలలు ఊహించుకుంటే గుహ రాతలు ఇంకోలా కనిపిస్తాయి. సరుకు అమ్ముడైంది, తాబేటి చిప్పలు మూటగట్టారు, ఓడకు మరమ్మతులు అయ్యాయి. ఇంక చేసేదేమీ లేదు. కింద తీరంలో ఎండ, ఇసుక. పైన కొండలో చల్లటి గుహ, తాగడానికి మంచినీళ్లు. గుహకు వెళ్లడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనవసరం లేదు. కానీ ద్వారం దగ్గర ఆగకుండా అంత చీకట్లోకి వెళ్లి రాయడానికి ఇది చాలదు. దానికి ఇంకో కారణం ఉండాలి.

గుహలో మట్టి పాత్రలు, ధూపం వేసే పాత్రలు కూడా దొరికాయి. ధూపం వేశారంటే అక్కడ ఎవరికో దండం పెట్టుకున్నారు. బ్రాహ్మీ రాతల మధ్య స్తూపం బొమ్మలున్నాయి, త్రిశూలం, స్వస్తికం లాంటి గుర్తులున్నాయి. సంఘదాసు అన్న పేరులో బుద్ధుడి సంఘం వినిపిస్తుంది, విష్ణువుతో మొదలయ్యే పేర్లూ గోడమీద ఉన్నాయి. అందరూ ఒకే దేవుణ్ణి కొలవడానికి వెళ్లారని చెప్పలేం. అయితే కొండ ఎక్కి, చీకట్లో పోయి, నీళ్లు బొట్టుబొట్టుగా రాలే చోట నిలబడ్డ మనిషికి అది మామూలు చోటుగా తోచదు. దాటి వచ్చిన సముద్రం ఒకవైపు, దాటాల్సిన సముద్రం ఇంకోవైపు. మొక్కుకున్నా, కృతజ్ఞత చెప్పుకున్నా, ఫలానావాణ్ణి ఇక్కడికి వచ్చాను అని చెప్పడం దానిలో భాగమే. మన గుళ్లలో అర్చన చేయించేటప్పుడు పూజారి అడిగేది కూడా ముందు గోత్రం, పేరే. ఆ రాతలను కాలక్షేపం రాతలుగా తీసిపారేయడం కంటే, ముందువాడి పేరు చూసి తనదీ చేర్చిన ప్రతివాడూ అక్కడ హాజరు వేయించుకున్నాడని అనుకోవడమే సబబుగా అనిపిస్తుంది. పేర్లు ఒకచోట గుంపులుగా చేరడం కూడా ఈ ఆలోచనకే బలమిస్తుంది.

గుజరాత్ వాళ్లే ఎందుకు, మన తీరం ఎటు చూసింది

తెలుగు పాఠకుడికి సహజంగా ఒక ప్రశ్న వస్తుంది. శాతవాహనులు అంత పెద్ద రాజులు కదా, ఓడ బొమ్మలతో నాణేలు కూడా వేశారు కదా, మరి గుహలో ఊళ్ల పేర్లుగా కనిపించేవి గుజరాత్ రేవులు ఎందుకయ్యాయి?

సగం జవాబు రాజకీయంలో ఉంది. పశ్చిమ తీరంమీద శాతవాహనులకు, క్షత్రపులకు తరతరాల పోరు. ముంబయి దగ్గరి కల్యాణ్ రేవుకు పొరపాటున వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి బరుగజకు తరలించేవాళ్లని పెరిప్లస్ చెబుతుంది. ఒక రేవును నొక్కేసి ఇంకోదాన్ని పెంచడమన్నమాట. పైగా భరుకచ్ఛం తన పని తాను గట్టిగా చూసుకుంది. నర్మద మూతి దగ్గర ఆటుపోట్లు చాలా ప్రమాదకరం. పోటు వచ్చినప్పుడు నీళ్లు గర్జిస్తూ ఎగదన్నుకొస్తాయని, కొత్త ఓడ చిక్కుకుంటే బోల్తా కొడుతుందని ఆ గ్రీకువాడు భయపడుతూ రాశాడు. అందుకని రాజు కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవలతో సౌరాష్ట్ర తీరం దాకా ఎదురెళ్లి, వచ్చే ఓడలను తాళ్లతో లాగి, లోతు తెలిసిన మడుగుల్లో ఆపుతూ రేవుకు చేర్చేవాళ్లు. అలాంటి నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు సొకోత్రా దారి కొత్త భయం కాదు.

మిగతా సగం జవాబు భూగోళంలో ఉంది. కృష్ణా, గోదావరి మూతుల దగ్గర నిలబడ్డవాడికి సముద్రం తూర్పున ఉంటుంది. అతని గాలులు అతన్ని బర్మా, మలయా వైపు తీసుకెళ్తాయి. పెరిప్లస్ మసాలియ అన్న ప్రాంతం మచిలీపట్నం చుట్టుపక్కల తీరమే. అక్కడ సన్నబట్టలు విరివిగా నేస్తారని ఆ పుస్తకం రాసింది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ పండితుడు టోలెమీ ఇదే తీరంలో కొంటకొస్సుల అనే సంత ఊరిని పేర్కొన్నాడు. అది కృష్ణా జిల్లా ఘంటసాల. తూర్పున సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి మళ్లే చోటు కూడా ఈ వైపే ఉందని రాశాడు. ఘంటసాల బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత రాతలో 'మహానావిక' శివకుడనే మనిషి ఉన్నాడు. హోక్ గుహలోని నావికుడికీ ఘంటసాల మహానావికుడికీ మాట ఒకటే, సముద్రం వేరు. ఒకరు పడమటి చీకటి గుహలో బొగ్గుతో రాసుకున్నారు, ఇంకొకరు మన ఊళ్లో స్తూపం రాతిమీద చెక్కించుకున్నారు. రెండిటినీ కలిపి చదివితేనే ఆనాటి ఓడవాళ్ల లోకం సగమైనా కనబడుతుంది. పాఠ్యపుస్తకాల్లో శాతవాహనుల ఓడ నాణెం బొమ్మ ఉంటుంది గానీ శివకుడి పేరు ఉండదు. ఉండాల్సింది.

మిగతా లిపులు

గుహలో భారతీయులు ఒక్కరే లేరు. దక్షిణ అరేబియా లిపిలో రాతలున్నాయి. ఆ దీవి సాంబ్రాణి దేశపు రాజు, అంటే హద్రమౌత్ రాజు ఏలుబడిలో ఉండేది కాబట్టి అది ఎదురుచూసేదే. ఎర్రసముద్రం అవతల అక్సుం రాజ్యపు ఇథియోపియా లిపి ఉంది. కొద్దిగా గ్రీకు ఉంది. అన్నిటికంటే ఆశ్చర్యం బాక్ట్రియన్ భాష. అఫ్గానిస్తాన్ ఉత్తరాన, సముద్రం కంటికే కనబడని కొండల నడుమ పుట్టిన భాష అది. కాబూలు వైపు సరుకులు ఉజ్జయిని మీదుగా భరుకచ్ఛానికి చేరేవని పెరిప్లస్‌లో ఉంది. సరుకుతోపాటు ఒక మనిషి కూడా ఆ దారినే దిగి, భరుకచ్ఛంలో ఓడెక్కి వచ్చి ఉంటాడు.

ఇదే కాలంలో దారికి ఆ చివరన, ఈజిప్టులో బెరెనికె రేవు దగ్గర కూడా మనవాళ్ల జాడ ఈమధ్యే బయటపడింది. 2022లో అక్కడి ఇసిస్ దేవత గుడి ఆవరణలో పాలరాతి బుద్ధ విగ్రహం దొరికింది. రోము చక్రవర్తి ఫిలిప్ కాలంలో, క్రీ.శ. 248లో వేయించిన సంస్కృత శాసనం కూడా అక్కడ ఉంది. హోక్ గుహ రాతలకు అది సరిగ్గా సమకాలం. మధ్యలో సొకోత్రా, ఒక కొసన భరుకచ్ఛం, ఇంకో కొసన బెరెనికె.

ఐదో శతాబ్దం తర్వాత గుహలో కొత్త పేర్లు దాదాపు ఆగిపోతాయి. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే యాత్రికుడు ఈ దీవి పక్కగా వెళ్తూ, అక్కడ గ్రీకు మాట్లాడే క్రైస్తవులున్నారని రాశాడు. భారతీయుల ఊసు అతను ఎత్తలేదు. దారులు మారాయి, చేతులు మారాయి.

ఇక గుహ ఇన్నేళ్లు ఎలా నిలిచింది? వెలుతురు లేదు, గాలి కదలదు, మనిషి అడుగు పడేది తక్కువ. మట్టితో వేలితో రాసిన అక్షరం వానకు గురైతే ఒక్క పూట నిలవదు. లోపల తేమ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి పదిహేను వందల ఏళ్లు నిలిచింది. ఇప్పుడు టూరిస్టులు వెళ్తున్నారు. మట్టి అక్షరానికి చేయి తగిలితే చాలు. కెమెరా వెలుతురు కోసం పక్క దిమ్మమీద కాలు మోపితే చాలు. 2015 నవంబరులో వారం తేడాతో రెండు తుపానులు దీవిని చావగొట్టాయి. యెమెన్‌లో యుద్ధం వల్ల పరిశోధకుల రాకపోకలు కూడా కష్టమయ్యాయి. రాతలున్న చోటికి గైడు లేకుండా ఎవరినీ పోనివ్వకపోవడం, వాటికి దూరంగా నడకదారి గుర్తులు వేయడం ఖర్చుతో కూడిన పనులు కావు. కొండకింద ఊళ్లవాళ్లకు దీని మీద జీతం, బాధ్యత రెండూ ఉంటే గుహకు అంతకుమించిన కాపలా లేదు. వాళ్ల సొకోత్రీ భాషకు మొన్నమొన్నటి దాకా లిపి లేదు. తమ చేత అక్షరం లేకపోయినా, ఊరుకాని ఊరివాళ్లు వదిలిపోయిన అక్షరాలు చెడకుండా ఉన్నది వాళ్ల కొండలోనే.

గుహలో దొరికినవాటిలో ఒకటి మాత్రం గోడమీద రాత కాదు. అది చెక్క పలక. సిరియా ఎడారిలోని పల్మైరా నగరపు అరమాయిక్ లిపిలో రాసింది. రాసినవాడు అబ్గర్, అబ్షమాయ కొడుకు. మిగతావాళ్లు వేయని తారీఖు ఇతను వేశాడు: సెల్యూకస్ శకం 569, తమ్మూజ్ నెల, 25వ రోజు. మన లెక్కలో క్రీ.శ. 258 జులై 25. గాలి లెక్కలు ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఈ తారీఖు ఎలాంటిదో అర్థమవుతుంది. నైరుతి గాలి నడినెత్తిన ఉన్న రోజు. ఏ ఓడా తీరం వదలని రోజు. అబ్గర్ ఇంటికి వెళ్లలేక దీవిమీద చిక్కుపడి ఉన్నాడనే అనుకోవాలి. అక్కడ కొలువున్న దేవుణ్ణి తలుచుకుని, ఆపైన పలక చివర ముందుముందు చదవబోయేవాడితో నేరుగా మాట్లాడాడు. ఈ పలక చదివే మనిషీ, మమ్మల్ని దీవించు, పలకను ఉన్నచోటనే ఉంచు అని.

బెల్జియం వాళ్ల దీపం దానిమీద పడేసరికి పదిహేడు వందల నలభై ఏళ్లు గడిచాయి. పలక గుహలోనే ఉంది.